ఎడం చేతికి ఉద్యోగం

ముప్పై ఒక్కేళ్ల ఉద్యోగంలో నేను నేర్పింది రెండే రెండు విషయాలు. ఎలా కూర్చోవాలి, వేళ్లు ఎలా కదపాలి. పాటలూ స్టేజీలూ చప్పట్లూ అన్నీ నా తర్వాత వచ్చే మాస్టార్లు చూసుకునేవారు. ఓనమాలు దిద్దించే పంతులు లాంటివాణ్ణి నేను. ఆ రెండు విషయాల్లోనూ నన్ను చిత్తుగా ఓడించిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన విద్వాంసుడేం కాదు. రాజమండ్రిలో బట్టల కొట్టు ఆయనది.

కొత్తగా గిటారు కొనుక్కుని, మంచం మీద పడుకుని, ఫోన్లో వీడియోలు చూస్తూ సాధన చేస్తున్న పిల్లలూ, ఇది మీ కోసమే రాస్తున్నాను. వింటే మంచిది. వినకపోతే నాకేం నష్టం లేదు. మీ నడుం, మీ ఇష్టం.

మా సంగీత పాఠశాల ఒక మేడ మీద ఉండేది. మూడు గదులు. ఒకదాంట్లో తబలా, ఒకదాంట్లో వీణ, మూడోదాంట్లో నేను. వీణకీ నాకూ మధ్య ఒక చెక్క తలుపే అడ్డు. నేను అరిచింది అటు వినిపించేది, అటు నవ్వింది ఇటు వినిపించేది. వీణ టీచరు గారు అమలాపురం వైపు మనిషి. నాకన్నా రెండేళ్లు పెద్ద. మాట మెత్తగానే ఉండేది గానీ, గుచ్చుకున్నాక తీసుకోవడానికి రెండ్రోజులు పట్టేది.

నా గదిలో నియమాలు గోడ మీద రాసి పెట్టాను. కుర్చీ అంచున కూర్చోవాలి, వెనక్కి ఆనుకోకూడదు. ఎడమ కాలి కింద పీట ఉండాలి. గిటారు నడుము ఎడమ తొడ మీద ఆనాలి, దాని మెడ మన భుజం ఎత్తుకి లేవాలి. భుజాలు బిగబట్టకూడదు. మణికట్టు మడతపడకూడదు. బొటనవేలు గిటారు మెడ వెనకాల బుద్ధిగా ఉండాలి, పక్కింట్లో ఏం గొడవ జరుగుతుందోనని గోడ మీంచి చూసినట్టు పైకి తొంగి చూడకూడదు.

ఆ పీట మా ఇంటిది. భోజనాలకు వేసుకునే పీట. పెళ్లయిన కొత్తలో ధవళేశ్వరం నుంచి సైకిలు మీద పెట్టుకుని తెచ్చేశాను. మా ఆవిడ నేను రిటైరయ్యేదాకా అడుగుతూనే ఉంది.

ఇక వేళ్ల సంగతి. చూపుడు వేలు ఒకటి, మధ్య వేలు రెండు, ఉంగరం వేలు మూడు, చిటికెన వేలు నాలుగు. ఒక తీగ మీద, గిటారు మెడకి అడ్డంగా ఉండే మెట్లలో వరసగా నాలుగింటి మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు. తర్వాత కింది తీగ. అలా ఆరు తీగలూ అయ్యాక వెనక్కి. తర్వాత వరస మార్చి ఒకటి, మూడు, రెండు, నాలుగు. ఇదే కసరత్తు. నొక్కిన వేలు మెట్టుకి దగ్గరగా ఉండాలి, ఎత్తిన వేలు తీగకి దూరం పోకూడదు, నిదానంగా నడవాలి. మూడు నెలలు ఇంతే. పాట అడిగితే నాకు ఒళ్లు మండేది. "ముందు అన్నం ఉడకనివ్వండి, ఆవకాయ తర్వాత వేస్తాను" అనేవాణ్ణి. అన్నం ఉడికేలోపు సగం మంది విస్తరి ముందు నుంచి లేచిపోయేవారు. అదేదో నా గొప్పతనమని అనుకునేవాణ్ణి.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఈ కొట్టాయన మెట్లెక్కి వచ్చాడు. యాభై రెండేళ్లుంటాయి. తెల్ల చొక్కా, తెల్ల పంచె, నుదుట బొట్టు. కొత్త గిటారుని పాత దుప్పట్లో చుట్టి, గుడ్డల తాను మోసినట్టు భుజం మీద మోసుకొచ్చాడు.

"నమస్కారమండి మాస్టారండీ. నేర్చుకుందామని వచ్చానండి."

"అబ్బాయెక్కడ?"

"అబ్బాయి కాదండి, నేనేనండి."

తలుపు అవతల వీణ ఆగింది.

ఆయన సిగ్గుపడుతూనే చెప్పుకొచ్చాడు. పంతొమ్మిదో ఏట వాళ్ల నాన్నగారు చదువు మాన్పించి కొట్లో కూర్చోబెట్టారట. అప్పట్లో కాలేజీలో ఒక కుర్రాడు గిటారు వాయిస్తుంటే ఈయన వెనకాల నిలబడి చూసేవాడట. "ముప్పై మూడేళ్లయిందండి. వాడు వాయించిన పాట గుర్తులేదు గానీ, వాడి వేళ్లు మాత్రం ఇప్పటికీ కళ్లముందు కదుల్తుంటాయండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కొట్లో బేరాలుండవు కదండీ. ఆ రెండు గంటలూ నావండి. ఇంక నా జీవితంలో నాదంటూ ఏమీ లేదండి."

నాకు ఆ మాట నచ్చింది. నచ్చిందని పైకి చెప్పే అలవాటు లేదు కాబట్టి, "కుర్చీ అంచున కూర్చోండి" అన్నాను.

అక్కణ్నుంచి మొదలయ్యాయి నా తిప్పలు. కూర్చోబెడితే కూర్చునేవాడు. పీట మీద ఎడమ కాలు పెట్టమంటే పెట్టేవాడు. అయిదు నిమిషాలు గడిచేసరికి ఆ కాలు తనంతట తనే పైకి లేచి కుర్చీ మీదకి చేరేది. దాని వెనకే రెండోది. చూస్తే ఆయన కుర్చీ మీద బాసింపట్టు వేసుకుని, గూట్లో పెట్టిన బొమ్మలా ఉండేవాడు. "కాళ్లండీ!" అని అరిస్తే, "అయ్యో" అని దించేవాడు. దించగానే నడుం వంగేది, నడుం వంగగానే భుజం లేచేది, భుజం లేవగానే మణికట్టు మడతపడేది. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట చెడేది. ఆయన తప్పేముంది? ముప్పై మూడేళ్లు కొట్లో నేల మీద పరిచిన పరుపు మీద కూర్చున్న కాళ్లు అవి. కుర్చీ అంటే వాటికి రైల్వే స్టేషన్లో కూర్చున్నట్టు ఉండేది, ఎప్పుడు లేచి వెళ్లిపోదామా అని.

ఒకరోజు టీ తాగుతుంటే వీణ టీచరు గారు మెల్లగా అడిగారు. "మాస్టారూ, ఆయన్ని ఓసారి కింద కూర్చోబెట్టి చూడకూడదూ?"

"ఇది వీణ కాదండి టీచరు గారూ. గిటారు. దీనికో పద్ధతుంది."

"అవునవును. వీణకైతే నడుమున్నవాళ్లు కావాలి. గిటారుకి కుర్చీ ఉంటే చాలుగా."

తబలా మాస్టారికి టీ పొలమారింది. నాకు పౌరుషం వచ్చింది. ఆ మధ్యాహ్నం నుంచీ ఆయన్ని ఇంకో పావుగంట ఎక్కువసేపు కుర్చీ మీద కూర్చోబెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కాళ్లు అలా ఉంటే, వేళ్లు ఇంకోలా ఉండేవి. కుడిచేతి వేళ్లు బంగారం. కొట్లో ఆయన చీర మడత ఒక్క విదిలింపుతో విప్పి, అంచు కనబడేలా పరిచే తీరు నేను చూశాను. ఎడం చెయ్యి మాత్రం పుట్టినప్పట్నుంచీ పని ఎరగదు. ముఖ్యంగా ఆ చిటికెన వేలు. అది ఇంటికొచ్చిన చిన్నల్లుడి బాపతు. పిలవందే రాదు, వచ్చాక కదలదు, కదిలిస్తే అలిగి ముడుచుకు కూర్చుంటుంది. ఒకటి రెండు మూడు అని వినిపించేది, నాలుగు దగ్గర ఒక మూలుగు.

రెండు నెలలు చూసి, నాకు చిర్రెత్తుకొచ్చి, జీవితంలో నేను చేసిన అతి తెలివైన పని ఒకటి చేశాను.

"చూడండి, మీ కుడిచెయ్యి చాకిరీ చేస్తుంటే ఎడం చెయ్యి కూర్చుని తింటోంది. ముందు దానికో ఉద్యోగం ఇవ్వండి" అన్నాను.

"ఏం ఉద్యోగం ఇమ్మంటారండి?"

"తాళం తియ్యండి, బొత్తాలు పెట్టుకోండి, తల దువ్వుకోండి, ఫోను నొక్కండి. రోజంతా అన్నం తినడం తప్ప అన్ని పనులూ ఎడం చేత్తోనే."

"అన్నీనా అండి?"

"అన్నీ!"

"ఆయ్, అలాగేనండి."

పిల్లలూ, ఈ చిట్కా ఏ పుస్తకంలోనూ ఉండదు. నా సొంత బుర్రలో పుట్టింది. దీనివల్ల పెద్ద ఉపయోగం లేదని కూడా ఇప్పుడు చెబుతున్నాను, వేళ్లకి నిలకడ గిటారు మీద నిదానంగా నడిస్తేనే వస్తుంది. పైగా ఆయన "అన్నీనా అండి?" అన్నప్పుడు ఒక్క క్షణం ఆగి, ఈ మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసే పని ఏంటని ఆలోచించి ఉండాల్సింది. వ్యాపారి చేసే పని ఇవ్వడం. అన్నం తినడం తప్ప అన్నాను గానీ, ఇవ్వడం తప్ప అనలేదు.

పది రోజుల తర్వాత కొట్లో గుమాస్తా రొప్పుతూ మా మెట్లెక్కాడు. ఆయన కూడా పెద్దవాడే, ఆ కొట్లో పెద్దయ్యగారి కాలం నుంచి ఉన్నవాడు. చెమట తుడుచుకుంటూ, "కొంప మునిగిందండి మాస్టారూ" అన్నాడు.

జరిగిందిది. కోనసీమ నుంచి ఒక పెళ్లివారు వచ్చారు. మూడు తరాలుగా ఆ ఇంట్లో ఏ పెళ్లయినా బట్టలు ఈ కొట్లోనే. చీరలన్నీ అయ్యాక చివరిగా మధుపర్కాలు తీశారు, పీటల మీద వధూవరులు కట్టుకునే ఎర్రంచు తెల్ల బట్టలు. ఆ జతని పసుపు రాసి, పువ్వు పెట్టి, పెళ్లికూతురి నాయనమ్మ చేతికి అందించడం ఆ కొట్లో ఆనవాయితీ. ఆవిడ కొంగు పట్టింది. మా శిష్యుడు చిరునవ్వుతో, ఎంతో భక్తిగా, మాస్టారు చెప్పారు కదా అని, ఎడం చేత్తో అందించాడు.

"ఆవిడ కొంగు దింపేసిందండి. 'శుభమా అని పెళ్లి చేసుకుంటుంటే ఎడం చేత్తో ఇస్తావా?' అని లేచిపోయిందండి. వాళ్లందరూ ఆవిడ వెనకాలే లేచిపోయారండి. మా అయ్యగారేమో 'సాధనండి, సాధనండి' అంటూ వీధి చివరిదాకా పరిగెత్తారండి. ఏం సాధనో వాళ్లకేం తెలుస్తుందండి?"

తలుపు అవతల వీణ ఈసారి ఆగడం కాదు, తీగ తెగినంత శబ్దమైంది. తర్వాత చాలాసేపు నవ్వు ఆపుకుంటున్న దగ్గు.

సాయంత్రానికి ఈ వార్త ఫోన్లలో గోదావరి దాటేసింది. మర్నాడు పొద్దున్న గుమాస్తా మళ్లీ వచ్చి, "పెద్దావిడగారు మిమ్మల్నోసారి రమ్మంటున్నారండి" అన్నాడు. పెద్దావిడంటే కొట్టాయన తల్లి. పెద్దాపురం ఆడపడుచు, ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. ఆవిడ కొట్టుకి రావడమే అరుదు, శుక్రవారం పూజకి తప్ప.

వెళ్లాను. ఆవిడ పరుపు మీద నిటారుగా కూర్చుని ఉంది. కొడుకు ఓ మూల చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఎడం చెయ్యి కిందకి పెట్టి.

"రండి మాస్టారు గారూ, దయచెయ్యండి. ఎండన పడి వచ్చారు. మంచినీళ్లు తీసుకుంటారా, మజ్జిగ తీసుకుంటారా?"

మా జిల్లాల్లో మర్యాద మామూలు కన్నా రెండు పాళ్లు పెరిగిందంటే, తిట్లు దగ్గర్లోనే ఉన్నాయని అర్థం.

"వద్దండమ్మా."

"పుచ్చుకోండి. మా వాడికి అంత విద్య నేర్పారు, మజ్జిగైనా ఇవ్వకపోతే ఎలాగండి? ఎడం చేత్తో ఇవ్వమంటారా, కుడిచేత్తో ఇవ్వమంటారా?"

కొడుకు ముందుకొచ్చాడు. "అమ్మా, మాస్టారి తప్పేం లేదే. ఆయన చెప్పింది వేళ్ల కోసం. నేనే..."

"నువ్వాగరా. ఇంట్లో తాళం ఎడం చేత్తో తీస్తుంటే చెయ్యి నొప్పేమో అనుకున్నా. హారతి ఎడం చేత్తో కళ్లకద్దుకుంటుంటే కళ్లు మసకలేమో అనుకున్నా. గిటారు అనుకోలేదు." ఆవిడ నా వైపు తిరిగింది. "మాస్టారు గారూ, వీడి నాన్న ఈ కొట్లో ఎవరికీ ఏదీ ఎడం చేత్తో ఇచ్చి ఎరగడు. ఆ నాయనమ్మకి నేనే ఫోను చేసి క్షమించమన్నాను. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం వస్తామన్నారు. మధుపర్కాలు నా చేత్తో ఇస్తాను. అప్పుడే, ఆవిడ ముందే, మా వాడు ఓ పాట వాయించాలి. దేనికోసం మా పరువు వీధిన పడిందో ఆవిడకీ తెలియాలి, నాకూ తెలియాలి. బాగుంటే సరే. బాగోలేదా, ఆ గిటారు అటకెక్కుతుంది. ఇక దిగదు."

బయటికొచ్చాక ఆయన నా వెనకాలే వీధి మలుపు దాకా వచ్చాడు. మనిషి మొహంలో నెత్తురు లేదు.

"మాస్టారండీ. నాకు పాట రాదు కదండీ."

నిజమే. మూడు నెలలు కావొస్తోంది. నేను నేర్పలేదు కాబట్టి రాదు.

"అటకెక్కితే మా అమ్మ ఉండగా దించలేనండి. మా అమ్మ నూరేళ్లు ఉండాలండి. అంటే ఇంక దిగదండి" అని నవ్వబోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆ రెండు గంటలూ పోయినట్టేనండి."

యాభై రెండేళ్ల మనిషి, ముప్పై మూడేళ్లు ఆగి, వెతుక్కుంటూ నా దగ్గరికొచ్చాడు. నా తెంపరితనం వల్ల అది కాస్తా పోయేలా ఉంది. ఆ పూట మా ఆవిడ కూడా నన్ను పీట అడగలేదు, నా మొహం చూసి.

మిగిలిన ఆరు రోజుల్లో నా నియమాలన్నీ నేనే తెంపాను. చంటిపిల్లలకి పాడే నాలుగు వరసల జోలపాట ఒకటి తీసుకున్నాను. మొదటి వరస వచ్చేది. రెండో వరసకి వచ్చేసరికి కంగారులో కాళ్లు కుర్చీ ఎక్కేవి, నడుం వంగేది, చిన్నల్లుడు అలిగేవాడు. నేను అరిచేవాణ్ణి. ఆయన "అయ్యో" అనేవాడు. ఆ మధ్యలో విసుగొచ్చి, "సరే, కాసేపు ఒకటి రెండు మూడు నాలుగే వాయించండి" అంటే మాత్రం మొహం తేటపడేది. ఆ కసరత్తంటే ఆయనకి ఇష్టమని నాకు అప్పుడు తెలిసింది. అన్నేళ్లలో దాన్ని ఇష్టపడ్డ మనిషిని నేను చూడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం. నేను ఒక చేత్తో కుర్చీ, ఒక చేత్తో పీట పట్టుకుని మెట్లు దిగుతుంటే వీణ టీచరు గారు చెప్పులేసుకుంటూ వచ్చారు.

"నేనూ వస్తాను మాస్టారూ. మూడు నెలల్నించి వింటూనే ఉన్నాను, చూడలేదుగా. ఇంతకీ ఆ కుర్చీ ఎందుకు?"

"కూర్చోడానికి."

"ఆహా" అన్నారు ఆవిడ. అంతే.

కొట్టు గడప దగ్గర గుమాస్తా నాకు అడ్డం నిలబడ్డాడు. "కుర్చీ పరుపెక్కదండి మాస్టారూ. పెద్దయ్యగారి రోజుల్నుంచీ ఎక్కలేదండి. లక్ష్మీదేవి పటం కన్నా ఎత్తున ఎవరూ కూర్చోకూడదండి. పెద్ద పెద్ద ఆఫీసర్లొచ్చినా కిందే వేశామండి."

"అయితే పరుపు దిగి ఇక్కడ, గడప దగ్గర వేసుకుంటాం."

లోపల్నుంచి పెద్దావిడ గొంతు వినిపించింది. "గడప దగ్గర కూర్చోడానికి వాడేం బేరానికొచ్చాడా? వాడి చోట వాడు కూర్చుంటాడు."

నా చేతిలో కుర్చీ ఉండిపోయింది. పీట కూడా. నా ముప్పై ఏళ్ల పద్ధతి మొత్తం ఆ రెండు చెక్క సామాన్లలోనే ఉందని నాకు ఆ గడప దగ్గర అర్థమైంది. లోపల పెళ్లికూతురి నాయనమ్మ పెదవులు బిగించి కూర్చుంది. పక్కన ఇద్దరు చుట్టాలు. మధ్యలో పళ్లెంలో పసుపు రాసిన మధుపర్కాలు.

ఆయన గిటారు పట్టుకుని పరుపెక్కాడు. తన చోట, రోజూ కూర్చునే చోట, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. గిటారు ఒళ్లో పెట్టుకుంటే మెడ కిందకి వాలింది. ఒక్క క్షణం దాన్ని చూసుకున్నాడు. "కాస్త ఎత్తు కావాలి కదండీ" అని తనలో తనే అనుకుంటూ, పక్కన బేరానికి తీసి పెట్టిన పంచెల కట్ట ఒకటి లాగి ఎడమ తొడ మీద పెట్టుకుని, దాని మీద గిటారు నడుము ఆనించాడు.

గిటారు మెడ లేచి భుజం ఎత్తుకి వచ్చింది. నడుం నిటారుగా ఉంది. భుజాలు వదులుగా దిగాయి. మణికట్టు తిన్నగా ఉంది. బొటనవేలు బుద్ధిగా వెనక్కి వెళ్లింది. మూడు నెలలు గొంతు చించుకుని నేను అడిగినవన్నీ, నేను నోరు మూసుకుని నిలబడితే వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి. వీణ టీచరు గారు నా వైపు చూడలేదు. చూడకపోవడమే ఆవిడ చేసిన పెద్ద మర్యాద.

పాట మొదలుపెట్టాడు. మొదటి వరస బాగానే వచ్చింది. రెండో వరసలో తడబడ్డాడు. మళ్లీ మొదటికొచ్చాడు. మళ్లీ అక్కడే ఆగిపోయాడు. నాయనమ్మ పక్కనున్న చుట్టం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెద్దావిడ కొడుకు మొహంలోకే చూస్తోంది. గుమాస్తా పైకి, అటక వైపు చూశాడు. చూడకూడదని ఎంత అనుకున్నా నేనూ చూశాను.

ఆయన చెయ్యి తీగల మీద ఉంచి కళ్లు మూసుకున్నాడు. అయిపోయిందనుకున్నాను. ఆ తర్వాత చూపుడు వేలు కదిలింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

నాలుగు మూలగలేదు. శుభ్రంగా పలికింది.

కింది తీగ. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అలా ఆరు తీగలూ దిగి, వెనక్కి ఎక్కి, ఒక మెట్టు ముందుకి జరిగి మళ్లీ దిగాడు. ఎక్కడా తొందర లేదు. ఒక్కో చప్పుడూ మునుపటి దాని ఎత్తులోనే, అంతే దూరంలో. గజంబద్దతో కొలిచినట్టు. తర్వాత వరస మార్చాడు. ఒకటి, మూడు, రెండు, నాలుగు. చిటికెన వేలు పిలవకముందే వచ్చి నిలబడుతోంది. అది కసరత్తని తెలిసిన వాళ్లం అక్కడ ఇద్దరమే, నేనూ వీణ టీచరు గారూ. మిగిలినవాళ్లు వింటున్నారు. నాయనమ్మ పెదవులు ఎప్పుడు వదులయ్యాయో నేను గమనించలేదు, ఆవిడ వేలు మాత్రం మోకాలి మీద మెల్లగా కొట్టుకుంటోంది. ముప్పై ఏళ్లు నేర్పాను గానీ, ఆ కసరత్తులో సంగీతం ఉందని నాకే తెలియదు.

ఆయన ఆపాడు. కళ్లు తెరిచాడు.

"ఏం పాట్రా అది?" అంది పెద్దావిడ.

"పాట కాదమ్మా." ఆయన అబద్ధమాడే మనిషి కాదు. "వేళ్ల కసరత్తమ్మా. పాట నాకింకా రాదు."

నేను కళ్లు మూసుకున్నాను.

"మళ్లీ వాయించు" అంది ఆవిడ.

మళ్లీ వాయించాడు. ఈసారి ఇంకా నిదానంగా. అది అయ్యాక ఆవిడ నాయనమ్మ వైపు తిరిగి, "వీడి నాన్న రోజూ పొద్దున్నే కొట్టు తెరవగానే గజంబద్ద తుడిచి, ఓ తాను పరిచి, కొలిచి మడతపెట్టేవాడు. బేరం వచ్చినా రాకపోయినా. ఎందుకయ్యా అంటే చెయ్యి తప్పకూడదే అనేవాడు" అంది. "ఒరే, ఆ గిటారు ఇక్కడే, కొట్లోనే ఉండనీ. అటక మీద ఎలకలు తిరుగుతున్నాయి."

మా శిష్యుడు గిటారు మీదకి తల వంచేశాడు. ఎంతసేపటికీ ఎత్తలేదు.

పెద్దావిడ పళ్లెం తీసుకుని, మధుపర్కాలు రెండు చేతులతో నాయనమ్మ కొంగులో పెట్టింది. ఆవిడ కళ్లకద్దుకుని, "పెళ్లికి మీరూ రావాలి వదినా. మీ అబ్బాయినీ తీసుకురండి. ఎడం చేత్తో అక్షింతలు మాత్రం వెయ్యనివ్వకండి" అంది. కొట్టంతా నవ్వింది. నేను ఇదే సమయమని కుర్చీ, పీట ఎత్తుకుని మెల్లగా జారుకోబోయాను.

"మాస్టారు గారూ, ఒక్క నిమిషం."

ఆగాను. పెద్దావిడ కొడుకు తొడ మీదున్న పంచెల కట్టలోంచి ఒక జత తీసింది. పసుపు రాసింది. నా ముందుకొచ్చి, అందరూ చూస్తుండగా, కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడం చేత్తో చాపింది.

గుమాస్తా నోరు తెరిచాడు.

"తీసుకోండి" అంది ఆవిడ, కళ్లలో నవ్వు దాచుకుంటూ. "అన్నం తినడం తప్ప అన్నీ ఇలాగే కదండీ?"

కుర్చీ వదిలేసి, పీట వదిలేసి, రెండు చేతులూ చాపి తీసుకున్నాను. వీణ టీచరు గారు అప్పటికి తట్టుకోలేక వీధిలోకి వెళ్లిపోయారు, నవ్వడానికి.

ఆ తర్వాత గోడ మీద నియమాల కాగితం తీసేశాను. కొత్తగా వచ్చినవాళ్లని ముందు అడిగేవాణ్ణి, "మీరు రోజూ ఎలా కూర్చుంటారు? ఏం పని చేస్తారు?" అని. పాట కూడా మొదటి వారంలోనే ఒకటి నేర్పేవాణ్ణి. రిటైరయ్యాక పీట మా ఆవిడకి తిరిగిచ్చేశాను. తిరగేసి, అడుగున గీతలెందుకు పడ్డాయని అడిగింది. అదో పెద్ద కథ అన్నాను.

ఆ పంచెలు మాత్రం ఇంతవరకూ కట్టుకోలేదు. మడత కూడా విప్పలేదు. రోజూ మధ్యాహ్నం రెండింటికి నేల మీద చాప వేసుకుని, బాసింపట్టు వేసుకుని, వాటిని ఎడమ తొడ మీద పెట్టి గిటారు ఆనించుకుంటున్నాను. నడుం నొప్పి తగ్గింది.